గంగాధరం సారు చూపిన ముక్కుమందు

ఎల్లారెడ్డిలో మందుల దుకాణం నడిపిన గంగాధరం సారు పోయిన వారం పరమపదించారు. కామారెడ్డిలో నా దుకాణం షట్టర్ అప్పుడే ఎత్తాను. ఆయన పెద్దకొడుకు ఫోన్ చేసి, "అన్నా, బాపు పోయిండు" అన్నాడు. "ఏ బాపు?" అని అడిగాను. ఆయన సన్నిధిలో ఏడేళ్లు పనిచేసి, ఔషధ విక్రయంలో ఓనమాలు దిద్దుకున్నవాణ్ని. అంతటి అవివేకపు ప్రశ్న నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

సారు సౌమ్యమూర్తి అని రాస్తే ఎరిగినవారు నవ్విపోతారు. ఆయన కోపిష్ఠి. ఆయన దగ్గర మందుతో పాటు చీవాట్లు ఉచితం. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే కొన్నవారిని, ఎంత రద్దీ ఉన్నా, వాడే విధానం చేసి చూపేదాకా మెట్టు దిగనిచ్చేవారు కాదు. స్టెరాయిడ్ అన్న మాటకే కొందరు జంకేవారు. "డాక్టర్ చెప్పినంతనే కొట్టు, చెప్పినన్ని దినాలే కొట్టు. భయపడి ఇడిచిపెట్టకు, జల్ది తగ్గాలని ఎక్కువ కొట్టకు" అనేవారు.

ఆ నిష్ఠకు కారణం నాకు బోధపడింది నా అపరాధం వల్లనే. మహమ్మద్‌నగర్ లింగవ్వ బీడీలు చుట్టేది. తంబాకు దుమ్ముకు ఎడతెగని తుమ్ములు, ముక్కుదిబ్బడ. సారు లేనివేళ డాక్టర్ చీటీ పట్టుకొచ్చింది. దుకాణం నిండా జనం. స్ప్రే చేతిలో పెట్టి పంపేశాను. మూడు వారాలకు కొంగుకు నెత్తుటి మరకలతో తిరిగొచ్చింది.

"ఏం మందయ్యా గిది! తుమ్ములు పోలె, నెత్తురొస్తున్నది" అంది.

"ఎట్ల కొడుతున్నవ్ అవ్వా? కొట్టకు, ఉత్తగనే చూపియ్యి" అన్నారు సారు.

లింగవ్వ తల వెనక్కి వాల్చి, మొనను ముక్కు నడిమి గోడకు ఆనించి, నశ్యం ఎగబీల్చినట్టు గట్టిగా లాగింది. జన్మంతా నశ్యం పీల్చిన మనిషికి ముక్కుమందంటే అదే పద్ధతి. గొంతులో చేదు తగిలితే ముక్కుకు చాల్లేదనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకునేదట. సారు ఆమెను వెంటనే డాక్టర్ దగ్గరికి పంపి, నావైపు తిరిగారు.

"చూపించినవా?"

"డాక్టర్ చీటీ ఉండె గద సార్."

"చీటీల మందు పేరుంటది. చెయ్యి ఎటు తిప్పాలెనో ఉంటదా?"

లోపల పుండైందని, ఇంకొన్నాళ్లు అలాగే సాగితే నడిమి గోడకు రంధ్రం పడే ప్రమాదముందని డాక్టర్ అన్నారు. పుండు మాని, మళ్లీ వాడమన్నాక, సారు నన్నే మహమ్మద్‌నగర్ తోలారు. బీడీ ఆకుల పక్కన కూర్చుని చూపాను. ముక్కు చీది, సీసా ఊపి, తల కాస్త ముందుకు వంచాలి. ఎడమ రంధ్రానికి కుడిచేయి, కుడిదానికి ఎడమచేయి; మొన చెవి వైపుకు ఉండాలి, ఊపిరి మెల్లగా తీయాలి. గుణం కనబడడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చని, ఒకరి సీసా ఇంకొకరు వాడరాదని, మళ్లీ నెత్తురొస్తే ఆపేసి డాక్టర్‌ను కలవాలని చెప్పాను.

"గీ ముచ్చట ఆనాడే చెప్తె నీ నోటి ముత్యాలు రాలునా బిడ్డా?" అంది లింగవ్వ.

సారును చివరిసారి చూసింది రెండు నెలల కిందట. ఆయనకూ ముక్కుదిబ్బడ, అదే రకం స్ప్రే. నా ఎదుటే కొట్టుకోబోయారు. చేయి వణికి, మొన నడిమి గోడకే తిరిగింది. నాకు కనబడుతూనే ఉంది. గురుతుల్యులు, వయోవృద్ధులు; ఆయన చేయి నేను దిద్దడమేమిటని ఊరుకున్నాను. సారు ఆగి నా ముఖంలోకి చూశారు.

"కనవడ్డదా?"

"కనవడ్డది సార్."

"మరి నోరు పడిపోయిందా? సారని ఊకున్నవా? సారు ముక్కుకు నెత్తురు రాదా?"

ఆయన మణికట్టు పట్టుకుని మొనను బయటివైపు తిప్పాను. "ఆఁ, అట్ల" అన్నారు. అవే నాతో ఆయన చివరి మాటలు.

తీరని లోటు అనే మాట సంతాపసభల్లో విని విని అరిగిపోయింది. నా లోటేమిటో మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. ఇప్పుడు నా దుకాణంలో అందరూ నన్నే సారంటారు. నా తప్పు కళ్లారా చూసినా ఊరుకుంటారు. గురువర్యా, మీకు ప్రణామం. నాకు భయంగా ఉంది.