చెరుకు కట్టు కట్టిన పడవ

ఆ రోజుల్లో మా చోడవరం వైపు చక్రాలెక్కి కదిలే ప్రతి వస్తువుకీ ఒకటే కట్టు ఉండేది, చెరుకు కట్టు. పెళ్ళికూతురి బీరువా అయినా, ఇల్లు మారేవాళ్ళ మంచాలైనా అంతే. తాడు పైనుంచి వేసి, కింద కొక్కేనికి లాగి, మధ్యలో కర్ర దూర్చి, లోడు మూలిగేదాకా మెలితిప్పాలి. మూలగలేదంటే కట్టు కుదరలేదని అర్థం. ఈ విద్యలో మా చిన్నత్తకి (మా నాన్న ఆఖరి చెల్లెలు) సాటి వచ్చేవాళ్ళు లేరు. ట్రాక్టరు తనే నడిపేది, లోడు తనే కట్టేది. ఆవిడ బండి నుంచి ఒక్క చెరుకు గడ రోడ్డు మీద పడిందని చెప్పే మనిషి నాకింతవరకూ తగల్లేదు. పంచదార ఫ్యాక్టరీ దారిలో వరసగా ఆగిన బండ్ల మగాళ్ళు కూడా తమ లోడు మీద ఆవిడ చెయ్యి ఒక్కసారి పడితే చాలనుకునేవారు. నేను చదువుకోసం విశాఖపట్నం హాస్టలుకి వెళ్ళేటప్పుడు నా పరుపూ పెట్టే కలిపి ఆవిడే కట్టింది. ఆ ముడి విప్పడం నావల్ల కాక, మొదటి రోజు పరుపుని పక్కన పెట్టుకుని నేల మీద పడుకున్నాను.

మా మావయ్య దారి పూర్తిగా వేరు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. ఫ్యాక్టరీలో సీజను పనికని వచ్చి, మా అత్తని చూసి, ఇక వెనక్కి వెళ్ళలేదు. (ఆ పెళ్ళికి రెండూళ్ళలో జరిగిన గొడవ నేను పుట్టకముందుది. మా నాన్నమ్మ మాత్రం అది నిన్ననే జరిగినట్టు చెప్పేది.) ఇల్లరికం వచ్చినవాడు అత్తారి ఊళ్ళో నోరెత్తకూడదని తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడేమో, ఇంట్లో ఆయన గొంతు వినపడేది చాలా తక్కువ. ఆయన తండ్రి పోయాక అన్నగారు కబురు చేశాడు, నాన్న పడవ నీ వాటాకి వచ్చింది, తీసుకుపొమ్మని. చిన్న ఫైబరు పడవ. తన వాళ్ళ ఇంటినుంచి ఆయనకి దక్కింది అదొక్కటే. చీడికాడ అవతల జలాశయంలో చేపలు పట్టుకోవడానికి అనుమతి కూడా దొరికింది. ఆ సంగతి తెలిసిన రోజు మావయ్య అన్నం తింటూ తింటూ ఆగి, కంచంలోకి చూసి నవ్వుకున్నాడు. మా అత్త అది గమనించింది. "పడవ సంగతి నాకొగ్గీ మావా. గీత పడకుండా తెచ్చి నీళ్ళలో ఎడతాను" అంది.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళడం నా వృత్తి. చదువుకున్నవాడిగా నా వంతు సాయం చేయాలని, విదేశాల్లో పడవల్ని బండికి ఎలా కడతారో ఫోనులో వీడియో వెతికి అత్తకి చూపించాను. ఆవిడ సగం చూసి "ఆల రోడ్లేరు, మన రోడ్లేరు" అని ఫోను నా చేతిలో పెట్టేసింది. నిజం చెప్పాలంటే నేను కూడా ఆ పడవ రంగు చూశానే తప్ప తాళ్ళ వైపు చూడలేదు.

తెల్లారి ముగ్గురం ట్రాక్టరు మీద మావయ్య ఊరికి బయల్దేరి వెళ్ళాం. చెరుకు తోలే తొట్టికి చుట్టూ తలుపులు తీసేసి, అడుగున గడ్డి పరిచి, ఊళ్ళోవాళ్ళంతా తలో చెయ్యీ వేసి పడవని ఎక్కించారు. దాని తోక తొట్టి దాటి బయటికొస్తే ఎర్ర గుడ్డ కట్టారు. మావయ్య అన్నగారు తాడు తీసుకుని ముందుకొచ్చి, "ముందు ముక్కు కట్టాలమ్మా. లేపోతే బ్రేకేసినప్పుడల్లా ముందుకొచ్చీస్తాది. నడుం మీద మరీ బిగించీకండి" అన్నాడు. మా అత్త ఆ తాడు మర్యాదగానే అందుకుని, "సెరుకు కట్టిన సెయ్యి బావగారూ ఇది, పడవెంత" అంది. ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు సముద్రం వైపు చూశాడు. అత్త తాళ్ళు పైనుంచి వేసి, కర్ర దూర్చి తిప్పింది. పడవ మూలిగింది. ఆవిడ చేతులు దులుపుకుంది.

తాళ్ళు వదులైతే కేకెయ్యమని నన్ను పడవలో కూర్చోబెట్టారు. ఆ విధంగా నేను, పట్టభద్రుణ్ణి, నడిరోడ్డు మీద పడవలో ఊరేగుతూ అనకాపల్లి దాటాను. సైకిలు మీద వెళుతున్న ఒక పెద్దాయన బండి పక్కనే తొక్కుతూ "ఏటి బాబూ, ఎక్కడ వరదొచ్చీసింది?" అని చాలా ఆదుర్దాగా అడిగాడు. ఇంకొకడు చేపలున్నాయా అన్నాడు. నేను ఉన్నానన్నాను.

చెరుకు లోడుకి ఒక లక్షణం ఉంది. కుదుపులకి గడలు సర్దుకుని తాడు వదులవుతుంది. అందుకని మా వాళ్ళు టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా కర్రని ఇంకొంచెం తిప్పుతారు. అత్త కూడా అలాగే ఆగిన ప్రతిచోటా టీ తాగి, కర్ర తిప్పి, బండెక్కింది. మావయ్య గ్లాసు పట్టుకుని పడవని చూస్తూ నిలబడేవాడు, టీ చల్లారిపోయేది. లోపల కూర్చున్న నాకు మాత్రం ఒక విషయం తెలుస్తోంది. నేను కూర్చున్న అడ్డపలక విల్లులా పైకి లేస్తోంది, రెండు పక్కలూ నా మోకాళ్ళ దగ్గరికి వస్తున్నాయి. "అత్తా, పడవ సన్నబడుతోంది" అని అరిచాను. "సన్నబడ్డం కాదురా, సర్దుకుంటంది" అని జవాబొచ్చింది.

చోడవరంలోకి వచ్చేసరికి రోడ్డు పక్కన చెరుకు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ముందు వెళుతున్న లారీ గతుకు దగ్గర ఉన్నట్టుండి ఆగింది. అత్త బ్రేకు వేసింది. ట్రాక్టరు ఆగింది, తొట్టి ఆగింది, పడవ మాత్రం ఆగలేదు. గడ్డి మీద నున్నగా జారి, నాతో సహా ముందుకు పోయి, మడ్‌గార్డు మీద కూర్చున్న మావయ్య వీపుకి ముక్కు ఆనించి నిలబడింది. అదే సమయంలో నా పక్కన టక్కుమని ఒక చప్పుడు వినిపించింది.

బండ్లవాళ్ళంతా దిగి వచ్చారు. కట్టు వదులైందని అందరూ ఒకే మాటగా తేల్చేశారు. ఒకాయన అప్పుడే కర్ర పట్టుకున్నాడు, ఇంకో రెండు తిప్పులు తిప్పితే సరిపోతుందని. మావయ్య వచ్చి ఆయన చేతి మీద చెయ్యి వేశాడు. "తిప్పకు బాబూ" అన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగి, "ఇంకొక్క తిప్పుకి ఇరిగిపోద్దే. మా నాయన పడవ అది" అన్నాడు.

అత్త తొట్టి ఎక్కింది. పైకి లేచిన పలకని చూసింది, పక్క గోడ పొడుగునా అరచెయ్యి రాసింది, ఒకచోట ఆగింది. అక్కడ వెంట్రుకంత గీత ఉంది. ఇప్పుడు ఎవరి మీదో ఒకరి మీద అరుస్తుందనుకున్నాను. (దగ్గర్లో ఉన్నది నేనే కాబట్టి కొంచెం వెనక్కి జరిగాను.) ఆవిడ మాత్రం నిటారుగా నిలబడి, అందరికీ వినబడేలా, "తప్పు కట్టు కట్టీసేను. ఎవులూ ముట్టుకోకండి, నానే ఇప్పుతాను" అంది. కింద ఎవరో నవ్వుతూ "ఏటమ్మా, నీ కట్టేనా ఇది?" అన్నారు. "నాదే. బాగా సూసుకో, మళ్ళీ దొరకదు" అని, వంగి కర్ర తిప్పడం మొదలుపెట్టింది, ఈసారి వెనక్కి. తాడు వదులైనకొద్దీ పడవ పక్కలు మెల్లగా తమ చోటికి వెళ్ళాయి. నేను కూడా గట్టిగా ఊపిరి తీసుకున్నాను. తాళ్ళన్నీ విప్పాక, "మావా, నువ్వు సెప్పు. నాను కడతాను" అంది.

అప్పుడు మావయ్య మాట్లాడాడు. పెళ్ళైనప్పటి నుంచి దాచుకున్న మాటలన్నీ ఆ రోడ్డు మీదే ఖర్చుపెట్టాడు. "సెరుకు నొక్కితే సందులు మూసుకుని గట్టిపడద్ది. ఇది కాళీ డొప్పే, నొక్కితే ఇరిగిపోద్ది. ముందు ముక్కుని రెండేపులా లాగి కట్టు. ఎనక రెండు మూలలూ కట్టు. గడ్డి తీసీసి టైర్లెట్టు, జారదు. నడుం మీద తాడు ఊరికే ఆనాలంతే, పిల్లకి మొలతాడు కట్టినట్టు." అత్త ఆయన చెప్పినట్టే కడుతూ, మధ్యమధ్య "ఇలాగేనా?" అని అడుగుతోంది. ఆవిడ ఆ ప్రశ్న ఎవరినైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. పాత టైర్లు మెకానిక్ షాపువాడు ఇచ్చాడు. అంతా అయ్యాక మావయ్య "ఇప్పుడు పడవని ఊపు. పడవొక్కటే ఊగితే కట్టు తప్పు. బండి కూడా ఊగాల" అన్నాడు. అత్త ఊపింది. తొట్టి, ట్రాక్టరు, వాటితో పాటు నేను, అందరం ఊగాం. బండ్లవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి ఊపి చూసి వెళ్ళారు.

వడ్డాదిలో అలవాటుగా టీకి ఆగాం. అత్త చెయ్యి దానంతటది తాడు దగ్గరికి వెళ్ళింది. మావయ్య తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని బజ్జీలు తెమ్మంది. జలాశయం దగ్గర పడవని నీళ్ళలోకి దించినప్పుడు అత్త ఒడ్డునే నిలబడి చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది. మావయ్య లోపలికి దిగి, ఆ గీత మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. చెయ్యి పైకెత్తి చూపించాడు. తడి లేదు. అత్త అక్కడే మట్టిలో కూలబడి, "గీత పడకుండా తెస్తానన్నాను" అంది. "ఒక్కటే గందే. నాయన గీసినవి దీని నిండా ఉన్నాయి" అన్నాడాయన.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఒక ఆఫీసులో పదిమందికి పని చెప్పే స్థానంలో ఉన్నాను. మీటింగుల్లో నా మాట తప్పని తెలిసిపోయాక కూడా, అందరూ చూస్తున్నారు కదా అని, కర్రని ఇంకో తిప్పు తిప్పుతుంటాను. అలా తిప్పి ఇంటికి వచ్చిన ఒకరోజు అత్తకి ఫోను చేసి, అంతమందిలో నీ ముడి నువ్వే విప్పుకోవడానికి సిగ్గెయ్యలేదా అని అడిగాను. "సిగ్గేటిరా" అంది. "పడవ మీ మావయ్యది. ముడి నాదే గందా, మళ్ళీ కట్టుకుంటాను." ఇంత చిన్న సంగతి ఇంత వయసొచ్చినా నాకు చేతకాలేదని నవ్వొచ్చింది. మావయ్య ఏం చేస్తున్నాడని అడిగితే, పడవ దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడని, పొద్దున్నుంచీ ఆపలేదని చెప్పింది.