పగ్గం దెబ్బ తినేవాడిదే

మా పిన్ని నన్ను ఇప్పటికి నాలుగు వేల సార్లయినా కొట్టి ఉంటుంది. అందులో ఒక్కటే నిజం దెబ్బ. ఆ ఒక్కటీ నా కుడి చెవి పట్టుకుపోయింది.

అప్పుడామె మా బడిలో వ్యాయామం టీచరు. మెడలో ఈల, చేతిలో బెత్తం. నేను ఆరో తరగతి. వరసలో నిలబడి పక్కవాడితో నవ్వుతున్నాను. వెనక నుంచి వచ్చింది, చెయ్యి కనపడలేదు. చెవిలో గుడ్డ చిరిగినట్టయింది. చొక్కా మీద రక్తం చుక్కలు పడ్డాయి. హెడ్మాస్టరు ఒక కాగితం రాయించాడు: ఆడుకుంటూ పడ్డాడు. కింద సంతకం మా అమ్మది. చెల్లెలి ఉద్యోగం పోతుందని పెట్టింది.

ఉద్యోగం పోలేదు. మూడు నెలల తర్వాత పిన్నే ఈల తీసి హెడ్మాస్టరు బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. ఒక నాటకాల కంపెనీలో చేరి, స్టేజీ మీద తన్నులాటలు నేర్పే ముసలాయన దగ్గర ఆరేళ్ళు కింద పడటం నేర్చుకుంది. మోకాలు రెండుసార్లు, ముక్కు ఒకసారి విరిగాయి. ఇప్పుడామెకి యాభై రెండు. దేశాలు తిరిగి కాలేజీల్లో పిల్లలకీ లెక్చరర్లకీ దెబ్బ తగలకుండా కొట్టుకోవడం నేర్పుతుంది. ఆమె పక్కన తన్నులు తినే ఉద్యోగం నాది. చదువెందుకు మానేశావని ఎవరైనా అడిగితే చెవి వినపడక అంటాను. అబద్ధం. విసుగొచ్చి మానేశాను.

కిందటేడు ఒక పరాయి దేశంలో వెళ్ళిన కాలేజీలో మాకు వ్యాయామశాల ఇచ్చారు. చెక్క నేల, మూల చిరిగిన పరుపులు, చెమట కంపు. ఐదు రోజుల శిక్షణ. పన్నెండు మంది విద్యార్థులు, పన్నెండు మంది లెక్చరర్లు. మొదటి రోజే పిన్ని నా జుట్టు పట్టుకుని తలని నేలకేసి మూడుసార్లు బాదింది. ముందు వరసలో ఒక లెక్చరరమ్మ "అయ్యో, చచ్చాడు!" అని లేచి నిలబడింది. నేను లేచి పళ్ళికిలించాను.

"చూశారుగా," అంది పిన్ని. "నా చెయ్యి వీడి జుట్టు మీద ఊరికే ఉంది. వీడే నా మణికట్టు పట్టుకుని తల దించుకున్నాడు. ఆ చప్పుడు వీడి రెండో అరచేతిది. కొట్టేవాడు ఉత్త బొమ్మ. పగ్గం దెబ్బ తినేవాడిదే."

"నిజంగా తగిలితే మేడమ్?"

"'నీళ్ళు' అనండి. ఆ మాట వినపడితే ఎక్కడివాళ్ళక్కడ ఆపెయ్యాలి. ఆపండి, వదలండి, చంపేస్తున్నాడు... ఇవన్నీ నటనలో ఎలాగూ అరుస్తారు. లెక్కలోకి రావు."

"టీ అంటే ఆపరా?" అన్నాడొక కుర్రాడు. తల నిండా ఒత్తుగా, గుండ్రంగా జుట్టు. అందరూ వాణ్ణి గొడుగు అంటున్నారు.

"తాగించి మరీ కొడతారు నాయనా," అంది పిన్ని. హాలంతా నవ్వింది.

మూడో రోజు చీటీలు తీయించి ఒక్కో విద్యార్థిని ఒక్కో లెక్చరరుతో జత కట్టింది. గొడుగుకి ఫిజిక్స్ సారు వచ్చాడు. హాలంతా "ఓ..." అంది. పిన్ని సరదా అనుకుంది. అసలు సంగతి మాకెవరూ చెప్పలేదు. ల్యాబులో సారు కొడుతున్నాడని రెండు నెలల కిందట గొడుగు ప్రిన్సిపాలుకి ఫిర్యాదు రాశాడట. సారు క్లాసు ముందు నిలబడి క్షమాపణ చెప్పాల్సొచ్చిందట. సారు కోటు విప్పి మడిచి పక్కన పెట్టాడు. చేతి గడియారం కూడా తీశాడు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. గడియారం తీసేవాడు బొమ్మలా ఉండటానికి రాడు.

పిన్ని, నేను హాలు అవతలి కొసలో ఇంకో జతని సరిచేస్తున్నాం. నా చెవిటి వైపు హాలుకి ఉంది. మొదటి చప్పుడు నాకు సరిగా వినపడలేదు. "ఆపండి సార్! చచ్చిపోతాను సార్!" అన్న కేక మాత్రం వినపడింది.

"అబ్బ, ఏం చేస్తున్నాడ్రా!" అని ఎవడో ఈల వేశాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

పిన్ని ఒక్కతే తిరిగి చూసింది. ఎలా తెలిసిందని తర్వాత అడిగాను. "నటించేవాడు దెబ్బతోపాటే అరుస్తాడ్రా. నిజంగా తగిలినవాడికి ముందు గొంతు ఆగిపోతుంది, అరుపు తర్వాతొస్తుంది. ఆ రోజు నువ్వూ వెంటనే అరవలేదు."

ఆ విరిగిన మోకాలితోనే పరిగెత్తింది. సారు పిడికిలి నిండా జుట్టు. నేల మీద రక్తం, ఆ రక్తంలోనే మళ్ళీ తల. కుర్రాడి రెండు చేతులూ గాల్లో కొట్టుకుంటున్నాయి. నీళ్ళన్న మాటే మర్చిపోయాడు. పిన్ని సారు బొటనవేలు పట్టి మెలితిప్పింది. ఆయన మోచేత్తో ఆమె మూతి మీద పొడిచాడు. ఆమె తిరిగి కొట్టలేదు. కుర్రాడి తల మీద బోర్లా పడి కప్పేసింది. సారు ఆమె నడుములో తన్నాడు.

నాకు నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు. వెళ్ళి సారు డొక్కలో తన్నాను. పడిపోయాడు. పడ్డాక మళ్ళీ తన్నాను. ఎముక విరిగిన సంగతి నా బూటుకి తెలిసింది. అయినా ఇంకోటి తన్నాను.

"ఒరేయ్! నీళ్ళురా! నీళ్ళు!" అని అరిచింది పిన్ని, నోటి నిండా రక్తంతో.

ఆగిపోయాను. అన్నేళ్ళ అలవాటు.

రెండు గంటల తర్వాత ప్రిన్సిపాలు గదిలో కూర్చున్నాం. కుర్రాడు ఆసుపత్రిలో, తలకి పదకొండు కుట్లు. బల్ల మీద టైపు చేసిన కాగితం: శిక్షణలో భాగంగా ప్రమాదవశాత్తు గాయాలయ్యాయి.

"మీవాడు మా సారుకి రెండు పక్కటెముకలు విరగ్గొట్టాడు మేడమ్," అన్నాడు ప్రిన్సిపాలు, కలం మూత తీసి ఇస్తూ. "అదీ ఇందులోనే కలిసిపోతుంది. సంతకం పెడితే ఎవరికీ ఏ గొడవా ఉండదు."

"పెట్టకపోతే?"

"పోలీసులొస్తారు. ముందు తీసుకెళ్ళేది మీవాణ్ణే. మిమ్మల్ని ఇంకే కాలేజీ పిలవదు."

"ఆ కుర్రాడి సంగతి?"

"వాడికి ఫిర్యాదులు రాయడం అలవాటే. మీరు ప్రమాదం అన్నాక కూడా వాడు కాదంటే, అబద్ధాలకోరని తేల్చి పంపించేస్తాం."

నాకు భయం వేసింది. దాచుకోవడం ఎందుకు? "పెట్టెయ్ పిన్నీ," అన్నాను. "అమ్మ నీకోసం పెట్టలేదా?"

పిన్ని కుర్చీ జరుపుకుని నా ఎడమ చెవి వైపుకొచ్చింది. "పెట్టింది. అందుకే ఇంకో మూడు నెలలు నా చేతిలో బెత్తం ఉంది. నీ తర్వాత ఎంతమందిని కొట్టానో ఎప్పుడైనా అడిగావా?"

"ఎంతమందిని?"

"లెక్కపెట్టలేదు," అంది. కలం తీసుకుని కాగితం వెనక్కి తిప్పింది.

సారు కుర్రాడి తలని కావాలనే నేలకేసి కొట్టాడు, కుర్రాడు ఆపమన్నా ఆపలేదు, ఇరవై రెండు మంది చూశారు అని రాసింది. జత కట్టే ముందు వాళ్ళ మధ్య ఏముందో కనుక్కోకపోవడం నా తప్పు అని రాసింది. మా అక్క కొడుకు సారుని మూడుసార్లు తన్నాడు, మొదటిది ఆపడానికి, మిగతా రెండూ కసితో అని కూడా రాసింది.

"ఆ రెండూ రాయాలా?" అన్నాను.

"తన్నావా లేదా?"

"తన్నాను."

"మరి?"

పోలీసులు నన్ను రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ దేశంలో మళ్ళీ అడుగు పెట్టకూడదని రాయించుకుని వదిలేశారు. మూడు కాలేజీలు పిన్నికి రావద్దని కబురు పెట్టాయి. చూసిన ఇరవై రెండు మందిలో ఏడుగురు వచ్చి పిన్ని రాసినదాని కింద సంతకాలు చేశారు. మిగతావాళ్ళు నటన అనుకున్నామన్నారు. అదీ నిజమే. సారుని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. కుర్రాణ్ణి ఎవరూ పంపించలేదు.

మేం బయల్దేరే రోజు పొద్దున్న వాడు మా గదికొచ్చాడు. సగం తల గొరిగేసి ఉంది. "గొడుగు చిరిగిపోయింది మేడమ్," అన్నాడు. "మిగతా పాఠం చెప్పండి."

"అవతల విమానం," అన్నాను నేను.

పిన్ని వినిపించుకోలేదు. వాచిన మూతితో నేల మీద మోకరించింది. "ఈసారి నువ్వే బొమ్మవి. పట్టుకో."

వాడు చెయ్యి ఆమె జుట్టు మీద పెట్టాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకుని తల దించింది, అరచేత్తో నేల చరిచింది. ఫట్. ఇంకోసారి. మూడోసారికి వాడి వేళ్ళు బిగుసుకున్నాయి. కణుపులు తెల్లబడ్డాయి. పిన్ని మెడ వెనక్కి సాగింది. నేను సగం లేచాను. ఆమె కళ్ళతోనే నన్ను కూర్చోబెట్టింది. ఆ మాట అనలేదు.

"నీళ్ళు," అన్నాడు వాడే.

పిన్ని ఆగింది. వాడు చెయ్యి తీసేసి చతికిలబడ్డాడు. వేళ్ళకి చుట్టుకున్న నెరిసిన వెంట్రుకలు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చున్నాడు. ఆమె పైట చెంగుతో మూతి తుడుచుకుంది.

"మళ్ళీ పట్టుకో," అంది.