అమ్మను తీసుకురావడానికి వెళ్లిన రోజు

నా చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలకు అంతు లేదు. చాలావరకు నవ్వుకుని మరిచిపోయేవే. తొమ్మిదేళ్లప్పుడు ఆడిన ఒక్కటి మాత్రం అలా మరిచిపోయేది కాదు.

అప్పుడు మేము గల్ఫ్‌లో, అబుధాబికి రెండు మూడు గంటల దూరంలో ఉన్న రువైస్‌లో ఉండేవాళ్లం. నాన్నకు రిఫైనరీలో ఉద్యోగం, కంపెనీ వాళ్లిచ్చిన ఇల్లు. అమ్మ కోనసీమలో ఐదో తరగతితో బడి మానేసి, ఇరవయ్యేళ్లు నిండగానే దుబాయ్ అని బయలుదేరి, అబుధాబిలో ఒక అరబ్బుల ఇంట్లో పదేళ్లు పనిచేసింది. ఆ ఇంట్లో సెలవన్నది లేదట. పెళ్లయ్యాక మా వంటిల్లు వచ్చింది, దానికీ సెలవు లేదు. నాకు తొమ్మిదేళ్లున్న ఆ ఏడాది, అబుధాబి పక్కన ముసఫ్ఫాలో ఆడవాళ్లకు వారం రోజులు బైబిలు తరగతులు పెడుతున్నారని అమ్మకు తెలిసింది. అక్కడే ఉండాలి, పిల్లల్ని తీసుకురాకూడదు, పగలంతా ఫోన్లు ఆపేయాలి. అమ్మ వెళ్తానంది. నాన్న సరేనన్నాడు.

అమ్మ వెళ్లిందని కాదు నా కోపం, సంతోషంగా వెళ్లిందని. కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది. బట్టలు సర్దుకుంటూ కూనిరాగం తీసింది. నన్ను వదిలి వెళ్లేటప్పుడు కాస్త ఏడిస్తే ఏం పోయిందని లోపల్లోపల ఉడికిపోయాను.

నాన్న డ్యూటీలో ఉన్నంతసేపూ పక్కింటి అక్క నన్ను చూసుకునేది. వాళ్లది జగిత్యాల దగ్గర పల్లె. నేను ముఖం ముడుచుకుని కూర్చుంటే, "గామె ఇన్నేండ్లకు పోయింది. జర నిమ్మళంగ ఉండనియ్యి బిడ్డా" అనేది. ఆ మాటతో నాకు ఇంకా ఒళ్లు మండేది.

నాలుగో రోజు శనివారం. నాన్నకు ఆ వారమంతటికీ అదొక్కటే సెలవు. పొద్దున్నే కడుపు పట్టుకుని మంచం మీద దొర్లాను. నాన్న హడలిపోయి, క్లినిక్‌కి వెళ్దామని కారు తాళాలు తీశాడు. డాక్టరు నొక్కి చూస్తే నా బండారం బయటపడదూ? క్లినిక్ వద్దు, అమ్మ కావాలని గొంతు చించుకున్నాను. నాన్న కాసేపు నా ముఖంలోకి చూశాడు. తనే నా పొట్ట మీద నాలుగు చోట్ల నొక్కాడు. ఒకటి రెండు చోట్ల మూలగడం మరిచిపోయినట్టున్నాను.

"సరేనమ్మా, అమ్మనే తెచ్చేసుకుందాం. యల్లా, పద పద, చెప్పులేసుకో" అన్నాడు.

మొదట్లో గెలిచినట్టే అనిపించింది. రువైస్ దాటాక రోడ్డుకి రెండు వైపులా ఇసుకే. కొంతదూరానికో బోర్డు వస్తుంది, అబుధాబి ఇంకా ఎన్ని కిలోమీటర్లో చెబుతుంది. ఆ అంకె తగ్గుతున్నకొద్దీ నా ధైర్యమూ తగ్గింది. అమ్మ పుస్తకం మూసి, సంచి సర్దుకుని, పరుగున వచ్చి నా నుదురు తడిమి చూడడం కళ్లకు కట్టినట్టు కనిపించింది.

"అమ్మ మళ్లీ వెనక్కి వెళ్లొచ్చా నాన్నా?" అని అడిగాను.

"మధ్యలో లేచొచ్చేత్తే ఖలాస్ అమ్మా. మళ్లీ ఎప్పుడు పెడతారో, ఏంటో."

పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి, నొప్పి ఎలా ఉందని అడిగాడు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కానీ పౌరుషం అడ్డొచ్చింది. ఉందన్నాను. నాన్న కారు మళ్లీ రోడ్డెక్కించాడు. అప్పటినుంచి నేను బోర్డుల వైపు చూడకుండా కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

చర్చి గోడ నీడలో కారు ఆపి నాన్న దిగలేదు. "నువ్వే ఎళ్లి పిలుచుకురా. నీ నొప్పి సంగతి నువ్వే చెప్పు. నేనిక్కడే ఉంటాను" అన్నాడు.

లోపలికి వెళ్లాను. హాలు తలుపుకి అద్దం ఉంది. లోపల కుర్చీల్లో పదిహేను మంది దాకా ఆడవాళ్లు. అమ్మ నిలబడి ఉంది. బైబిల్లో వరుస కింద వేలు పెట్టుకుని, పైకి చదువుతోంది.

ఇంట్లో కుటుంబ ప్రార్థనలో అమ్మ ఎప్పుడూ ఒక పేజీ పూర్తిగా చదవలేదు. కాదు, నేను చదవనివ్వలేదు. నాలుగు మాటలకోసారి ఆగుతుంటే విసుగొచ్చి, "ఇటివ్వమ్మా, నీకు రాదులే" అని లాక్కుని గడగడా చదివేసేదాన్ని. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వినేది. నాకు చదువొచ్చని అమ్మ మురిసిపోతోందనుకునేదాన్ని.

ఇక్కడ కూడా ఆగింది. ఎవరో రాజు పేరు, చాంతాడంత ఉంటుంది. తలుపు ఇవతల ఆ పేరు నా నాలుక చివర ఆడుతోంది. లోపల ఒక్కరూ అందించలేదు. పాఠం చెప్పే ఆవిడ కూడా ఊరికే చూస్తూ కూర్చుంది. అమ్మ మొదటిసారి తడబడింది. రెండోసారీ తడబడింది. మూడోసారి పేరు మొత్తం పలికింది. పలికి, ముందుకు వెళ్లి, పేజీ చివరిదాకా చదివింది. కొంగుతో ముఖం తుడుచుకుని కూర్చుంది. ఇంట్లో నేనెప్పుడూ చూడని ముఖం అది.

నా చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. అమ్మా అని ఒక్క మాటంటే చాలు, అంతా అయిపోయేది. సిగ్గుతో ఏడుపొచ్చింది. చెప్పులు చప్పుడవుతాయని వాటిని చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాను.

"తగ్గిపోయింది నాన్నా" అన్నాను. కారు తిప్పాడు. సగం దారిలో ఏడుస్తూ అంతా చెప్పేశాను. తనకు పొద్దున్నే తెలుసన్నాడు.

"మరి నేను నిజంగా పిలిచేసుంటే?"

"తెచ్చేసుకునేవాళ్లం. తను లేపోతే నాకూ తోచట్లేదు మరి" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మేమక్కడికి వెళ్లామని అమ్మకు ఇద్దరమూ చెప్పలేదు. ఆ వారం గురించి అమ్మ ఏళ్ల తరబడి చెప్పేది. పాఠాల గురించి కొంత చెప్పాక, ఎక్కువగా చెప్పేది మాత్రం ఇదే: "ఆ ఏడు రోజులూ నన్నెవరూ పిలవలేదే. ఒక్కళ్లంటే ఒక్కళ్లు!"

అమ్మ అలా అన్నప్పుడల్లా నేను తల వంచుకునేదాన్ని. ఇప్పటికీ ఇంట్లో ఎవరినైనా కేకేయబోయే ముందు, వాళ్లు ఏం చేస్తున్నారో ఒకసారి తొంగిచూస్తాను. ఆ రోజు ఆ అద్దం ఇవతల అమ్మా అన్న మాట నా పెదవుల దాకా వచ్చి ఆగింది.