గురులింగప్ప జేబుల్లో ఎద్దులు

మూత పెట్టిన వస్తువు కంటబడితే గురులింగప్ప విప్పి చూడకుండా ఉండలేడు. డబ్బా కానీ, పొట్లం కానీ, కవరు కానీ, అది తనదా పక్కవాడిదా అన్న పట్టింపే లేదు. మా ఇంట్లో మూత పడిన నా టిఫిన్ డబ్బా మళ్లీ నా చేతుల్తో తెరుచుకున్న రోజు అతను నా దగ్గర పనిచేసినన్నాళ్లలో ఒక్కటీ లేదు.

"ఇయ్యాల బెండకాయ, సాబ్. ఉప్పు జర తక్కువున్నది."

"రుచి కూడా చూసినవా?"

"ఛీ ఛీ, ఎంగిలి చేస్తనా! చూస్తేనే తెలుస్తది."

నిజంగానే ఉప్పు తక్కువుండేది. దానికే నా ఒళ్లు మండేది.

కోహీర్‌లో మా మరదలి పెళ్లికి పిలిస్తే, అక్షింతలు పడేలోపు కానుకలన్నీ విప్పేశాడు. మళ్లీ అంతే నీటుగా కట్టేశాడు కూడా. పీటల మీదున్న పెళ్లికొడుకు చెవిలో, "గోడ గడియారాలు ఏడొచ్చినయ్. ఒకదానికి చిన్న ముల్లు లేదు. ఎవరు తెచ్చిన్రో యాదిల పెట్టుకున్న" అని చెప్పి వచ్చాడు. ఆ రోజు మా మామగారి ముందు నేను తల ఎత్తుకోలేకపోయాను.

ఇలాంటి మనిషిని తెచ్చి డబ్బాలు మూసే కార్ఖానాలో పెట్టుకున్నాం, మా ఖర్మ! జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కనే మా సేట్ మదన్‌మోహన్ గారి రేకుల షెడ్డు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు నుంచి అందులో చెరుకు బండి బొమ్మ కిట్లు చేసేవాళ్లం. అసలు బండిలో ఇరవై నాలుగో వంతు కొలత, ముప్పై ఒక్క ప్లాస్టిక్ ముక్కలు. చక్రాలు, ఇరుసు, కాడి, చెరుకు గడలు, రెండెద్దులు. పిల్లలు కాగితం మీది బొమ్మ చూసుకుంటూ ముక్కా ముక్కా అతికించి బండి కట్టుకోవాలి. నేను మేనేజర్‌ని. గురులింగప్ప పని పెద్ద అట్టపెట్టెల్లో డబ్బాలు సర్ది తాడు కట్టడం.

డెబ్బై ఎనిమిదిలో సేట్‌కి బొంబాయి మోజు పట్టింది. అక్కడైతే చవగ్గా, చకచకా అవుతుందని ఎవరో చెవిలో ఊదారు. ముక్కలు పోసే అచ్చులన్నీ లారీ ఎక్కాయి. మా పద్నాలుగు మంది పనివాళ్లూ అల్లం తోటల్లో కూలికి పోయారు. సరుకు నిజంగానే చకచకా వచ్చింది. దాని వెనకాలే ఉత్తరాలూ వచ్చాయి.

మా వైపు రైతు ఏ ఎద్దును ఏ పక్క కడితే జన్మంతా ఆ పక్కే కడతాడు. కుడివైపుది ఎలపటిది, ఎడమవైపుది దాపటిది. మార్చి కడితే ఎద్దు కదలదు. మా అచ్చుల్లోనూ అంతే. కాడి ఆనే గాడి ఎలపటి ఎద్దు మెడకు ఒక పక్కన, దాపటిదాని మెడకు రెండో పక్కన ఉంటుంది. బొంబాయిలో డబ్బాలు నింపేవాళ్లకి రెండూ ఎద్దులే. చేతికేది వస్తే అది వేసేవాళ్లు. ఝరాసంగం నుంచి ఒక రైతు రాశాడు: "మా పిలగానికి రెండూ దాపటెద్దులే పంపిన్రు. బండి బాయిల పడేటట్టున్నది. మీ సేట్ ఎన్నడన్న ఎవుసం చేసిండా?"

నాలుగేళ్లు ఇలాంటివి చదివి చదివి, ఎనభై రెండులో సేట్ అచ్చుల్ని ఇంటికి తెప్పించాడు. పాతవాళ్లందరూ పనిలోకి వచ్చారు. ప్రతి డబ్బాలో నింపినవాళ్ల నంబరు చిట్టీ వేయాలన్నాడు సేట్. "ఎవరి నంబరు డబ్బా వాపస్ వస్తే వాళ్లు ఇంటికే" అని బోర్డు నేనే నా చేతి రాతతో రాసి గోడకి తగిలించాను. ఏడాది గడిచింది. ఒక్క డబ్బా వాపస్ రాలేదు!

"చూసినవా జగన్‌మోహన్, మన ఊరి నీళ్లల్లనే ఉన్నది నాణ్యత" అని సేట్ మీసం దువ్వాడు. నీళ్లది కాదు, నా బోర్డుది అని నేను లోపల్లోపల మురిసిపోయాను.

నాకు మింగుడుపడనిదల్లా గురులింగప్ప ఒక్కడే. తాడు కట్టవయ్యా అంటే ప్రతి డబ్బా మూత తీస్తాడు, లోపల చెయ్యి పెడతాడు, మళ్లీ మూస్తాడు. దానికి తోడు అతని జేబులు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేవి. వాళ్లావిడ చెన్నమ్మ చొక్కా ఉతకబోతే బండకేసి ఎద్దులు టపటపా రాలాయని పేటంతా చెప్పుకుని నవ్వింది. మనవడి కోసం ఎత్తుకుపోతున్నాడని నేను అనుకున్నాను.

ఎనభై మూడు వానాకాలంలో హైదరాబాద్ బడుల నుంచి ఆరు వందల డబ్బాల ఆర్డరు వచ్చింది. "ఇది టైముకు ముట్టకుంటే అచ్చులు మల్ల బొంబాయి పోతయ్. ఇగ నన్ను బతిమాలొద్దు" అన్నాడు సేట్. అంటే పద్నాలుగు మందీ మళ్లీ అల్లం తోటలకే. నాలుగింటికి లారీ కదలాలి. పొద్దున్నుంచీ నాకు కూర్చుంటే కాలు నిలవదు, నిలబడితే మనసు నిలవదు. గడియారం చూడటం, గుమ్మం దాకా పోవడం, రావడం. మూడున్నరకి లోపలికి పోతే ఏముంది! రెండు వందల డబ్బాలు అలాగే ఉన్నాయి. మధ్యలో బాసిపట్టు వేసుకుని గురులింగప్ప మూతలు విప్పుతున్నాడు.

"ఏందయ్యా ఇది! తాడు కట్టు!"

"కడత సాబ్. జర చూసి కడత."

బయట లారీ హారన్ మోగింది. డ్రైవర్ సంగప్ప అరిచాడు. "సాబ్, సరుకు ఎక్కిస్తరా, పొమ్మంటరా?"

నా ఓర్పు తెగిపోయింది. గురులింగప్ప రెక్క పట్టి లేపాను. రెండు జేబుల్లోంచీ ఎద్దులు జలజలా రాలాయి.

"దొంగతనం కూడానా!"

 అతను వంగి ఎద్దుల్ని ఏరుకుంటున్నాడు. ఎలపటివి కుడి జేబులోకి, దాపటివి ఎడమ జేబులోకి. ఆ వరస చూసి నాకు ఎక్కడో చురుక్కుమంది. అతను ఇంకా ముట్టని డబ్బా ఒకటి లాగి మూత తీశాను. రెండూ దాపటెద్దులే! చిట్టీ మీద నంబరు తొమ్మిది. ఇంకో తొమ్మిదో నంబరు తీశాను. రెండూ ఎలపటివి.

తొమ్మిదో నంబరు అనంతమ్మ. ఆ మూల కిటికీ దగ్గర కూర్చుని, ఎద్దును ముక్కు దాకా తెచ్చుకుని చూసుకుంటోంది.

గురులింగప్ప గొంతు తగ్గించాడు. "ఆమె కండ్లు మసకైనయ్ సాబ్. ఏడాదైతుంది. ఆ ఇంట్ల సంపాదించేది ఆమె ఒక్కతే."

"నాతోనన్నా చెప్పొద్దా?"

"ఎట్ల చెప్త? బోర్డు రాసింది మీరే కద."

తల తిప్పి గోడ మీది బోర్డు చూశాను. అయినా పట్టు వదలక అడిగాను. "మరి ఆమెవి మాత్రం విప్పొచ్చు కదా! అందరివీ ఎందుకు?"

"ఆమెవే విప్పితే అందరికి ఎర్కైతది కద, సాబ్."

నాకు సిగ్గేసింది. అక్కడే నేల మీద చతికిలబడ్డాను. "కుడి జేబు ఇటు తిప్పు" అన్నాను. ఇద్దరం కలిసి విప్పాం, మార్చాం, మూశాం. హారన్ మోగించీ మోగించీ సంగప్పకే విసుగొచ్చి, వచ్చి తాళ్లు కట్టాడు. లారీ ఐదింటికి కదిలింది. మర్నాడు బడులు తెరిచేలోపు సరుకు ముట్టింది. అచ్చులు మా ఊళ్లోనే ఉండిపోయాయి. ఆ బోర్డు మాత్రం ఆ సాయంత్రమే దించేశాను.

దసరా పోయాక అనంతమ్మకి దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించాం. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని వచ్చింది. నెల రోజులు ఆమె డబ్బాల్ని నేనే దొంగచాటుగా చూశాను. ఒక్క తప్పు లేదు.

"ఇక విప్పే పని లేదు గురులింగప్పా" అన్నాను సంతోషంగా.

"సరే సాబ్" అన్నాడు. మర్నాడు చూస్తే మళ్లీ విప్పుతున్నాడు.

"మళ్లీ ఏమొచ్చిందయ్యా?"

"ఇప్పుడు ఆపితే, అప్పుడు ఎందుకు విప్పిననో ఆమెకు తెలుస్తది కద" అన్నాడు, పిచ్చివాణ్ని చూసినట్టు నన్ను చూసి.

 నిజమే కదా అనుకుని నాలుగడుగులు వేశాను. అంతలో ఒకటి తట్టి గిరుక్కున వెనక్కి తిరిగాను.

"అది సరేగానీ, నా టిఫిన్ డబ్బా సంగతేంది? మా మరదలి పెళ్లి కానుకల సంగతేంది?"

గురులింగప్ప తల గోక్కున్నాడు.

"అవి చూడకుంటే నాకు తోచదు, సాబ్. ఇయ్యాల వంకాయ. పురుగేం లేదు, బేఫికర్‌గ తినున్రి."