శాంతమ్మ తీసిన పిడికెడు

మొన్న డబ్బా అడుగున మిగిలిన దొడ్డు బియ్యాన్ని కొత్త సన్నబియ్యంలో కలిపి వండాను. మెత్తగా ఉడికిన మెతుకుల మధ్య ఒక పలుకు పంటి కింద పడింది. ఆ రుచి నాకు బాగా తెలుసు. వరంగల్‌లో నర్సింగ్ చదివినన్నాళ్లూ రెండు పూటలా తిన్నది అదే.

ఆ అన్నం వండిన శాంతమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు. తొర్రూరు దగ్గర మా ఊరి చర్చిలో అమ్మకు తెలిసిన మనిషి. భర్త పోయాక నగరానికి వచ్చి, రైల్వే స్టేషన్ వెనక ఒక చిన్న చర్చిలో బైబిలు స్త్రీగా కుదిరింది. ఇల్లిల్లూ తిరగడం, దవాఖానాల్లో మంచాల పక్కన నిలబడి ప్రార్థన చేయడం ఆమె పని. జీతం లేదు. చర్చి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు పక్కకు తీసి, ఆదివారం తెచ్చి గంపలో పోసేవారు. ఆ గంపే ఆమె బతుకు. ఒకరిది సన్నం, ఒకరిది రేషను, ఒకరిది నూక. ఒకే ఎసట్లో పడితే కొన్ని గంజి అయ్యేవి, కొన్ని పలుకుగానే ఉండేవి. పత్తి ఏరే మా అమ్మకు నన్ను హాస్టల్లో ఉంచే స్తోమత లేదు కాబట్టి ఆమె ఇంట్లోనే ఉండి చదివాను, ఆ గంపలో నాకూ వాటా దొరికింది.

విచిత్రమేమిటంటే, ఆ బియ్యంలోంచి కూడా ఆమె పూటకో పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. అది ఆదివారం చర్చికి వెళ్లి, అదే గంపలో మళ్లీ మా ఇంటికే వచ్చేది. పిడికెడు బియ్యానికి ఊరేగింపు ఎందుకని ఆటపట్టించేదాన్ని. ఒకరోజు చెయ్యి కడుక్కుంటూ నిదానంగా చెప్పింది.

"తియ్యకపోతే డబ్బా అంత నాదైతది బిడ్డా. నాదైతే, అయిపోతదన్న ఫికర్ గూడ నాదే. తీస్తే ఆయనది. ఫికర్ ఆయనే పడుతడు."

ఒక వానాకాలం ముసురు వదల్లేదు. అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి, ఆదివారం చర్చికి మనుషులు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. మా డబ్బా అడుగంటింది. నా పరీక్షలు దగ్గర పడ్డాయి. ఊరికి వెళ్లిపోతే ఏడాది పోతుంది, ఉంటే ఆమె పస్తులుండి నాకు పెడుతుంది. కుండలోవి వండుకుందామన్నాను. అవి మనవి కావంది.

ఆ మధ్యాహ్నమే పక్కింటి రజియాబీ వచ్చింది. భర్త ఆటో నీళ్లలో ఆగిపోయింది, ఇంట్లో పిల్లలున్నారు, బియ్యం లేవు. జర బియ్యం దొరుకుతాయా అని గడప బయటే నిలబడి అడిగింది. శాంతమ్మ కుండ తెచ్చి ఆమె కొంగులో మొత్తం బోర్లించింది. నాకు ఒళ్లు మండింది. తెల్లారి బస్సెక్కుదామని బట్టలు సర్దుకున్నాను. ఆమె చూసింది, వారించలేదు. వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది. వేయడానికి గింజ లేదు.

చీకటి పడుతుండగా రజియాబీ గిన్నె మీద మూత పెట్టుకుని వచ్చింది. ఖిచిడీ. వేడిగా, పసుపుపచ్చగా, ఇద్దరికీ సరిపోయేంత. ఆమె వెళ్లాక, ఆకలితో తింటూనే ఎత్తిపొడిచాను.

"మన బియ్యమే గద పెద్దమ్మా తిరిగొచ్చింది."

"బియ్యం మనయే. పప్పు ఎవలది?"

ఆమె గెలిచినట్టు చూడలేదు. మరిగిన ఎసటి నీళ్లు వృథా చేయకుండా వాటితో చాయ్ పెట్టింది.

నేను బస్సెక్కలేదు. ఆ వారం వాన తెరిపిచ్చింది, గంప నిండింది, పరీక్షలు రాశాను. వీటిలో అద్భుతం ఏదీ లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆమె కూడా దాన్ని సాక్ష్యంగా చర్చిలో ఎన్నడూ చెప్పలేదు.

శాంతమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, డబ్బా ఖాళీ అవుతుందన్న భయం లేదు. అయినా బియ్యం కొలిచినప్పుడు చెయ్యి తనంతట తానే ఒక పిడికెడు పక్కకు తీస్తుంది. అంతవరకు నేర్చుకున్నాను. బియ్యం లేకుండా ఎసరు పెట్టడం మాత్రం నాకింకా రాలేదు. మొన్న పంటి కింద పడ్డ ఆ పలుకును ఉమ్మేయబుద్ధి కాలేదు. ఆమెను తలచుకుని, మెల్లగా నమిలి మింగాను.