దొరసాని మందారం

1998 జూన్‌లో నన్ను రాజమండ్రి దగ్గర గోదావరి గట్టున ఉన్న ఒక దొర బంగళాకి క్యురేటర్‌గా వేశారు. తెల్లవాళ్ల కాలంలో కాలవల పని చూసిన ఇంజనీరు కాపురమున్న ఇల్లది. తర్వాత మ్యూజియం అయింది. క్యురేటర్ అంటే పెద్ద ఉద్యోగమనుకునేరు. ప్రతి వస్తువుకీ ఒక నంబరు వేసి, అది ఉన్నచోటే ఉండేలా చూడటం. దొర కుర్చీ నుంచి టోపీ తగిలించే కొయ్య దాకా అన్నిటికీ నంబర్లున్నాయి. వాటిలో ప్రాణమున్నది ఒక్కటే, తోటలో దొరసాని నాటిన మందారం.

గంధం రంగు రేకులు, మధ్యలో ఎర్రచుక్క. కడియం నర్సరీల్లో ఎన్ని రంగుల మందారాలున్నా ఈ రంగు మాత్రం లేదు. మావైపు జనానికి లోపల తుపాకీ చూసినా, పియానో చూసినా ఒకటే. తోటలోకి రాగానే చెయ్యి ఊరుకోదు. కొమ్మలు తుంచరాదని బోర్డు పెట్టించి, పక్కనే కాపలాదారు సత్యాన్ని నిలబెట్టాను.

ఒకసారి రామచంద్రపురం నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన సుభద్ర గారనే టీచరు హ్యాండ్‌బ్యాగులోంచి మందారం కొమ్మ తొంగిచూసింది. తీసేసుకుని, పిల్లల ముందే నాలుగు మాటలన్నాను. కావాలంటే అడగాలి గానీ ఇదేం పని అన్నాను. ఆవిడ తొణకలేదు.

"అడిగితే మీరివ్వరండి. ఇచ్చినా బతకదు. మొక్క దొంగిలిస్తేనే బతుకుద్దండి," అన్నారు.

మరుసటేడు గోదావరి పొంగి తోటలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నీరు తీసేసరికి మందారం వేళ్లతో సహా కుళ్లిపోయింది. దొరసాని కాలం నుంచి బతికిన చెట్టు నా హయాంలో పోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కడియం వెళ్లి విచారిస్తే, "మీరు కొమ్మ ముట్టుకోనిస్తేగా మా దగ్గరుండటానికి," అన్నాడు నర్సరీ ఆయన. నిజమే. కాపలా అంత బాగా కాశాం.

ఆ మందారం ఉన్నవాళ్లు ఒక కొమ్మ తెచ్చివ్వాలని గేటుకి కాగితం అంటించాను. దొంగతనం ఒప్పుకుంటూ ఎవరొస్తారు? ఒక్కరూ రాలేదు. చివరికి సత్యం గొంతు సవరించుకుని, "తమరు సెలవులో ఉన్నప్పుడు ఆ టీచరమ్మగారు మళ్లీ వచ్చారండి," అన్నాడు. అప్పుడు నువ్వేం చేస్తున్నావని నేనడగలేదు. రామచంద్రపురం బస్సెక్కాను.

ఆవిడ పెరట్లో నూతి పక్కన అదే మందారం విరగబూసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా చెట్టు పోయిందని చెప్పి, ఒక్క కొమ్మ ఇప్పించమన్నాను.

"అడిగితే బతకదండి. అప్పుడే చెప్పానుగా. కూర్చోండి, కాఫీ తెస్తాను. పాలు కాగడానికి కాస్త టైము పట్టుద్ది," అని ఆవిడ లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

గెజిటెడ్ ఆఫీసర్ని నేను. ప్రహరీ మీంచి అటూ ఇటూ చూసి, మూడు కొమ్మలు విరిచి సంచిలో దాచాను. కాఫీ బాగుంది. కొమ్మల ఊసు ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మూడూ చిగిర్చాయి. పాత నంబరే వేశాం. వస్తువు ఎలా వచ్చిందో రాయడానికి మా రిజిస్టరులో కొనుగోలు, కానుక, బదిలీ అని మూడు దారులే ఉన్నాయి. కానుక అని రాశాను.

ఒక్కచోటే ఉన్నదాన్ని ఎంత కాపలా కాసినా ఒక్క వరద చాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. బోర్డు మాత్రం తీయించలేదు. హ్యాండ్‌బ్యాగుతో ఎవరైనా మందారం దగ్గర ఆగితే సత్యాన్ని టీకి పంపేవాణ్ణి.