ఎండిన బావిని నింపినవాళ్లకు

మా సార్ కొలిచిన బావుల లెక్కలు తీసుకుని, ఆయన పేరు తీసేసి, ఒక కాలేజీ వాళ్లు తమవిగా పెట్టుకున్నారు. ఎండిన బావులన్నిటినీ అంకెల్లో నింపేశారు. ఆ తప్పు అలాగే ఉండగా పోయిన సోమవారం సార్ కన్నుమూశారు.

ఆయన కంభం దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర ఎనిమిది దాకా చదివి మానేశాను. ఇప్పుడు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని. ప్రోగ్రాములు రాయడం ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను.

సార్ ప్రతి ఆదివారం మోపెడ్ మీద బావుల దగ్గరికి వెళ్లేవారు. ముడులు వేసిన తాడుకు బరువు కట్టి, గట్టు నుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసేవారు. ముందు పలక మీద రాసేవారు. మళ్లీ తాడు దించి, రెండుసార్లూ ఒకటే వస్తేనే పుస్తకంలోకి ఎక్కించేవారు. పుస్తకంలో తప్పు పడితే అడ్డగీత కొట్టేవారు గాని చెరిపేవారు కారు. "తప్పు కూడా కనపడాల. లేకుంటే సరిచేసినామని ఎవురికి తెలుస్తాది?" అనేవారు.

ఆ పుస్తకాలన్నీ నేను కంప్యూటర్‌లోకి ఎక్కించి, గ్రాఫు గీసే ప్రోగ్రాము రాశాను. రెండూ అందరూ ఉచితంగా తీసుకునే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెట్టాలని సార్ పట్టు. పెట్టేముందు తెర మీదికి వంగి చూశారు.

"ఒరే నాయనా, గిద్దలూరు దావలో బావి ఎప్పుడు నిండిందిరా?"

"నిండలేదు సార్."

"మరి ఈ సున్నా ఏంది? లోతు సున్నా అంటే నీళ్లు గట్టుకు తగిలినట్టు. నేను ఎండింది అని రాస్తే, నువ్వు వానదేవుడివి అయిపోయినావు గదరా."

‘ఎండింది’ అన్న మాట ఉన్న చోటల్లా నా ప్రోగ్రాము సున్నా వేసుకుంది. దిద్దాను. ఆ తప్పేమిటో కూడా పక్కనే రాసి పెట్టాం. వాడుకునేవాళ్లకు రెండే షరతులు: కొలిచినవారి పేరు ఉంచాలి, ఏం మార్చారో చెప్పాలి.

తీసుకున్నందుకు కోపం లేదు. తీసుకోవాలనే పెట్టాం. కాలేజీ వాళ్లు అంకెల మధ్య మాటలెందుకని ‘ఎండింది’ తీసేసి సున్నాలు పెట్టారు. నేను చేసిన తప్పే. నాకైతే అప్పుడు చెప్పడానికి సార్ ఉన్నారు. వాళ్లు మేం రాసింది చదవనే లేదు. మూడుసార్లు ఉత్తరం పెట్టాను. జవాబు లేదు.

మంచం మీద ఉన్న సార్‌కు కాలేజీ వాళ్ల పేజీ చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.

"నా పేరు ఉంటే ఏంది, లేకుంటే ఏంది. ఆ బావి కాడ బిందెలు పెట్టుకోని కూచున్నోళ్లు అబద్ధమైపోయినారు కదరా."

నాతో ఆయన అన్న చివరి మాట అది. రాయి కోసే చప్పుడులోనూ అదే వినిపిస్తోంది. ఆదివారం రాగానే లెక్క అడుగుతూ నా ప్రోగ్రాము సార్ ఫోన్‌కు మెసేజి పంపుతుంది. దాన్ని ఆపలేకపోయాను. నిన్న ఆదివారం కూడా వెళ్లింది. ఇంట్లో ఎవరు తెరిచారో, చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి.

సార్ పేరు నేనిక్కడ రాయలేదు. తీసేసినవాళ్లు ముందు రాయాలి. కాలేజీ వాళ్లకు చెబుతున్నాను: మీ పేజీలో ఆయన పేరు పెట్టండి. ఎండిన బావుల్ని ఎండినట్టు చూపండి. మార్చింది మీరేనని రాయండి.

మంచాన పడకముందు సార్ రాసిన చివరి పలక నా దగ్గరుంది. గిద్దలూరు దావలో బావికి ‘ఎండింది’ అని ఉంది. ఒక్కసారి కొలిచిందే, ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు. గురువారం ఆయన పెద్దకర్మ. ఆ పొద్దున పది గంటలకు రెండోసారి తాడు దించడానికి అదే బావి గట్టు మీద ఉంటాను. ఆలోపు జవాబు ఇవ్వండి.